వేలిముద్ర మాన్పించి సంతకం నేర్పాం, ఇప్పుడు ఫోన్ ఎవరు నేర్పాలి? సోమవారం అర్జీలో ఏం రాయమంటారు?

మెట్టఊరి టీచర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా, కలిగిరి వైపు మెట్ట ఊరు. అంగన్‌వాడీ టీచర్‌ని, వయసు 54. వచ్చే సోమవారం మా ఊరి వాళ్ళం పదిమంది దాకా కలెక్టర్ ఆఫీసులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్ళి అర్జీ ఇద్దామనుకుంటున్నాం. ఏం జరుగుతోందో రాయగలను గానీ, ఏం చేయమని అడగాలో నాకు తేలడం లేదు. అందుకే మీ ముందు పెడుతున్నా. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

1991లో మా జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం జరిగింది. అక్షర దీపం అనేవాళ్ళం. నాకు అప్పుడు ఇరవై ఏళ్ళు. ఇంటర్ అయిపోయి ఇంట్లో ఉన్నా. వాలంటీర్‌గా పేరు ఇచ్చా. జీతం లేదు. పలకలు, బలపాలు, వాచకాలు, ఒక లాంతరు ఇచ్చారు. రాత్రి ఏడున్నరకు రామాలయం అరుగు మీద క్లాసు. పొద్దంతా కూలికి పోయి, వచ్చి వంట చేసి, పిల్లలకు పెట్టి, చంటిదాన్ని చంకన వేసుకుని వచ్చేవాళ్ళు. పద్దెనిమిది మందితో మొదలైతే నెల తిరిగేసరికి ఇరవై ఆరుమంది అయ్యారు.

అందులో మా వీధి చివరింటి పెద్దమ్మ ఒకామె. పొగాకు బ్యారన్ల దగ్గర ఆకు అల్లే పని. ఆకు జిగురుతో వేళ్ళు నల్లగా ఉండేవి, ఆమె పట్టుకున్న బలపం కూడా నల్లబడేది. తన పేరు తాను రాయడానికి మూడు వారాలు పట్టింది. తర్వాత కొన్నాళ్ళకు పొదుపు సంఘం పుస్తకంలో, ఎవరో అలవాటు కొద్దీ ఇంకు డబ్బా ముందుకు జరిపితే, దాన్ని చేత్తో పక్కకు నెట్టి "నేను ఏలిముద్ర దాన్ని కాదు" అన్నది. నేను పక్కనే ఉన్నా. అంత సంతోషం నాకు ఈ జన్మలో మళ్ళీ రెండు మూడు సార్లే కలిగింది.

ఆ పెద్దమ్మకు ఇప్పుడు డెబ్భై. ఈ ఏడాది ఆమె ఏ పనికి వెళ్ళినా సంతకం ఎవరికీ అక్కర్లేదు. వేలు పెట్టమంటున్నారు. ఆ వేలు మిషన్‌లో పడటం లేదు. నలభై ఏళ్ళు ఆకు అల్లిన వేలు, గీతలన్నీ అరిగిపోయాయి.

రేషన్ కార్డు ఈకేవైసీకి, అంటే ఆధార్‌తో మనిషిని సరిచూసే పనికి వెళ్తే మొదటిసారి వేలిముద్ర పడలేదు. రెండోసారి కన్ను చూపించమన్నారు, శుక్లం ఆపరేషన్ అయిన కన్ను, అదీ పట్టలేదు. ఓటీపీతో అవుతుందన్నారు. ఆధార్‌కు లింకైన నంబరు కొడుకుది. అతను బెంగళూరు పోయి సిమ్ మార్చి మూడేళ్ళయింది, ఆ పాత నంబరు ఇప్పుడు ఎవరి దగ్గరుందో తెలియదు. నంబరు మార్పించడానికి మండల కేంద్రంలో సెంటర్‌కు పోతే ఆ రోజు సర్వర్ లేదు. మర్నాడు మళ్ళీ. మొత్తం నాలుగు తిరుగుళ్ళు, ఆటోకు రానూపోనూ అరవై చొప్పున. ఆమెను తీసుకుపోయిన కోడలికి నాలుగు రోజుల కూలి పోయింది. ఆఖరికి పని అయింది, కాలేదని చెప్పను. కానీ ఆ నాలుగో రోజు ఆటో దిగి ఆమె నాతో అన్నది ఒక్కటే: "అబ్బయ్య ఫోన్ లేకపోతే నేను లేనట్టేనా అమ్మా?"

రెండో సంగతి ఇంకా బాధ. మా సంఘంలో ఒక చెల్లెలికి బ్యాంకు నుంచి అని ఫోన్ వచ్చింది. కేవైసీ గడువు అయిపోయింది, ఇప్పుడే చేయకపోతే ఖాతా ఆగిపోతుంది, ఫోన్‌కు వచ్చిన నంబరు చదవమన్నారు. చదివింది. గేదెను అమ్మిన డబ్బులో 18,500 పోయాయి. ఊరంతా "చదువుకున్నదానివి, ఓటీపీ ఎట్టా చెప్పావు" అని తిట్టారు. నేను తిట్టలేకపోయా. గ్యాస్ బండ తెచ్చే అబ్బాయికి నంబరు చెప్తేనే బండ దింపుతాడు. మా సెంటర్‌కు వచ్చే బాలింతల పేరు యాప్‌లో ఎక్కించేటప్పుడు "నంబరు వచ్చిందా, చదవమ్మా" అని అడిగింది నేనే. ఫోన్‌కు వచ్చిన నంబరు పైకి చదివితే పని అవుతుందని వాళ్ళకు అలవాటు చేసింది మేమే. ఏది చదవాలో, ఏది ఎవరడిగినా చదవకూడదో ఎవరూ నేర్పలేదు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలన్న సంగతి మాకు మూడో రోజు తెలిసింది. అప్పటికి ఖాతాలో ఏమీ మిగల్లేదు.

అందుకే నేను వాడటం వేరు, అర్థం కావడం వేరు అంటున్నా. అక్షర దీపం రోజుల్లో మా వాచకంలో సారా వల్ల గుల్లైపోయిన ఒక ఇంటి కథ ఉండేది. అది చదివి ఆడవాళ్ళు క్లాసులోనే మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మాకు దగ్గర్లోని దూబగుంటలో అక్కడి ఆడవాళ్ళు సారా అమ్మకం ఆపించారు. అందులో ముందు నిలబడిన దూబగుంట రోశమ్మ గారి పేరు మీరు వినే ఉంటారు. అది జిల్లా అంతా పాకి, 1993 అక్టోబరుకు రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అక్షరాలు నేర్పేటప్పుడు ఇది జరుగుతుందని పైవాళ్ళు అనుకోలేదు, మేమూ అనుకోలేదు. చదివింది అర్థమైతే మనిషి ఎందుకని అడుగుతుంది. ఇప్పుడు ఫోన్ దగ్గర, మిషన్ దగ్గర ఆ అడగడమే లేదు. "ఒప్పుకోలేదు" అంటే తలవంచుకుని ఇంటికి వస్తున్నారు, సారా దుకాణం మూయించిన ఆడవాళ్ళే.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం లేదు. 2017లో కేంద్రం పీఎంజీదిశ అని పల్లెల్లో ఆరు కోట్ల మందికి డిజిటల్ చదువు చెప్తామని పెట్టింది. ఇంటికి ఒకరు, 20 గంటల శిక్షణ. 2024 మార్చితో అది ముగిసింది. కానీ దాని వయసు 14 నుంచి 60. మన రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను మొదలయ్యేదే 60కి. మిషన్ ముందు ఎక్కువసార్లు నిలబడాల్సిన వయసు ఎక్కడ మొదలవుతుందో, శిక్షణ అక్కడ ఆగిపోయింది. పైగా ఇంటికొకరు అంటే ఆ ఒక్కరు ఎవరవుతారు? మా ఊళ్ళో అయితే కాలేజీకి పోయే మగపిల్లలే. వాళ్ళకు ముందే వచ్చు.

మా వారు అంటారు, అందరికీ ఫోన్లు ఇమ్మని అడుగు అని. మా మేనల్లుడు అంటాడు, ఇంకో పదేళ్ళు ఆగితే రానివాళ్ళే ఉండరు, ఇదంతా ఎందుకని. ఆ మాట నాకు చాలా కష్టంగా అనిపించింది. పెద్దమ్మ పోయేదాకా ఆగమనేగా దానర్థం. మీరైతే ఏం అడుగుతారు? ఫోనా, క్లాసా, లేక ఫోన్ లేకుండా పని జరిగే దారా?

యాప్‌ల పనివాడు, హైదరాబాద్

అక్కా, నమస్తే. నేను యాప్‌లు తయారుచేసే ఉద్యోగంలో ఉన్నా. సొంతూరు మహబూబ్‌నగర్ పక్కన. మీరు రాసింది రెండుసార్లు చదివాను. పెద్దమ్మ అడిగిన మాటకు నా దగ్గర జవాబు లేదు. కానీ క్లాసులు పెట్టమని అడగొద్దని మాత్రం చెప్తా.

మా అమ్మ నాలుగో తరగతి దాకా చదివింది. ఆమెకు ఏ సర్కారూ క్లాసు పెట్టలేదు. 2017లో ఫోన్ కొనిచ్చాను. మైకు గుర్తు నొక్కి తెలుగులో అడిగితే యూట్యూబ్‌లో భజనలు వస్తాయని రెండు రోజుల్లో నేర్చుకుంది. ఇప్పుడు వాట్సాప్‌లో వాయిస్ పంపుతది, ఫోన్‌పేలో పాలవాడికి డబ్బులు కొడతది. ఇష్టమైనది ఎవరైనా నేర్చుకుంటారు. డేటా ఇంత చవక కావడానికి 2016లో జియో రావడం, దాంతో వచ్చిన పోటీ కారణం. సర్కారు స్కీమ్ కాదు.

తప్పు ఎక్కడుందంటే మా దగ్గరుంది. మేం ఏదైనా తయారుచేస్తే ఆఫీసు వైఫై మీద, కొత్త ఫోన్లో, ఇంగ్లిష్ వచ్చిన ఇరవై అయిదేళ్ళ వాళ్ళతో పరీక్షిస్తాం. మీ పెద్దమ్మ వేలు పడనప్పుడు మిషన్ మీద వచ్చేది "ఎర్రర్ 300" అని ఉంటుంది. దానర్థం వేలిముద్ర రికార్డుతో కలవలేదని, అంతే. "వేలు కలవలేదు, ఇంకో వేలు పెట్టి చూడండి" అని తెలుగులో రాయడం ఒక పూట పని. ఎవరూ రాయరు, ఎందుకంటే రాయమని ఎవరూ అడగలేదు. అర్జీలో అది అడగండి. ప్రతి సర్కారు యాప్ బయటికి వచ్చే ముందు అరవై దాటిన యాభైమంది పల్లెటూరి వాళ్ళ చేతికిచ్చి చూడాలి, వాళ్ళు ఎక్కడ ఆగిపోయారో రాసుకోవాలి. అది మంచిగ చేస్తే క్లాసు అవసరమే ఉండదు. క్లాసు అంటే చివరికి ఇన్ని సర్టిఫికెట్లు ఇచ్చాం అనే లెక్క అవుతది. ఫోన్లు పంచడం కూడా వద్దు, ఆ పని మార్కెట్ చూసుకుంటది.

మెట్టఊరి టీచర్

తమ్ముడూ, యాభైమంది చేతికిచ్చి చూడమన్న మాట చాలా బాగుంది. రాసుకున్నా. నువ్వు ఆ పనిలో ఉండి కూడా తప్పు మా దగ్గర అన్నావు, అది నాకు గొప్పగా అనిపించింది.

కానీ మీ అమ్మగారు తనంతట తనే నేర్చుకుందని అనుకోకు. మైకు గుర్తు చూపించింది నువ్వే కదా. రెండు రోజులు పక్కన కూర్చున్నది నువ్వే కదా. మా పెద్దమ్మకు ఆ రెండు రోజులు కూర్చునే మనిషి బెంగళూరులో ఉన్నాడు. ప్రభుత్వాన్ని నేను అడిగేది ఆ మనిషినే. భజన పాట తప్పు వస్తే ఇంకోటి నొక్కుకుంటుంది. ఖాతాలో డబ్బు తప్పు పోతే తిరిగి రాదు. ఆ భయంతోనే మా వాళ్ళు నేర్చుకోరు, బద్ధకంతో కాదు.

మార్కెట్ గురించి కూడా ఒక మాట. మా ఊళ్ళో పెద్దవాళ్ళలో ఎక్కువమందివి బటన్ ఫోన్లే. వాళ్ళు నెట్ వాడరు. అయినా ఏళ్ళ తరబడి డేటా కలిపిన రీఛార్జే చేయించుకున్నారు, చేయించకపోతే ఫోన్లు రావడం ఆగిపోతాయని. 2024 డిసెంబరులో ఫోన్ కంపెనీలకు రూల్స్ పెట్టే ట్రాయ్ రూలు మార్చి, మాటలకు, మెసేజ్‌లకు మాత్రమే విడిగా ప్యాక్ ఉండి తీరాలని చెప్పాకే కంపెనీలు అలాంటివి తెచ్చాయి. అంతకుముందు 2016 ఫిబ్రవరిలో కొన్ని సైట్లే ఉచితంగా ఇస్తామన్న పద్ధతిని ఆపింది కూడా ట్రాయే. పోటీ వల్ల ధర తగ్గింది నిజమే. ఎవరికి ఏది అవసరమో చూడాల్సింది మాత్రం ప్రభుత్వమే అని నాకు అనిపిస్తుంది. అయినా ఆ విడి ప్యాక్ ఉందని మా వాళ్ళకు చెప్పేదెవరు? నాకు కూడా మా అమ్మాయి చెప్పేదాకా తెలియదు.

సచివాలయం డిజిటల్ అసిస్టెంట్

టీచర్ గారూ, నేను ప్రకాశం జిల్లాలో గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌ని. 2019 అక్టోబరు 2న సచివాలయాలు మొదలైనప్పుడే చేరాను. పేరు పెట్టి రాయలేను, అర్థం చేసుకోండి.

కౌంటర్ ఇవతల కూర్చునే వాళ్ళ మాట కూడా వినండి. వేలు పడకపోతే మాకూ ప్రాణం ఉసూరుమంటుంది. తడిగుడ్డతో తుడిపిస్తాం, కొబ్బరినూనె రాయిస్తాం, పదివేళ్ళూ మార్చి మార్చి పెట్టిస్తాం. బయట ఇరవైమంది నిలబడి ఉంటారు. ఒక్కో మనిషికి రెండు నిమిషాల పని అనుకుని పైన లెక్క వేస్తారు, మీ పెద్దమ్మలాంటి వాళ్ళకు నలభై నిమిషాలు పడుతుంది. ఆ నలభై నిమిషాలు ఏ రిపోర్టులోనూ కనపడవు. కనపడేది ఎన్ని పూర్తయ్యాయి అనేదే.

ఒకటో తారీఖు పింఛను చూడండి. మేం ఇంటికి వెళ్తాం, నగదు చేతిలో పెడతాం. ముసలమ్మకు ఫోన్ రానక్కర్లేదు, యాప్ తెలియనక్కర్లేదు. మిషన్ మా చేతిలో ఉంటుంది, తంటాలు మేం పడతాం. నాకు తెలిసి మొత్తం వ్యవస్థలో పెద్దవాళ్ళకు మర్యాదగా జరిగే పని అదే. కాబట్టి డెబ్భై ఏళ్ళ మనిషికి ఫోన్ నేర్పాలన్న ఆలోచనే నాకు అంతగా నచ్చలేదు. నేర్చుకోవాలనుకుంటే సరే. నేర్చుకుంటేనే బియ్యం అంటే అన్యాయం.

అర్జీకి పనికొచ్చే మాట ఒకటి చెప్తాను, గట్టిగా పట్టుకోండి. వేలిముద్ర పడనంత మాత్రాన లబ్ధి ఆపకూడదని ఎప్పుడో రాసే ఉంది. 2017 డిసెంబరు 19న కేంద్ర కేబినెట్ సెక్రటేరియట్ ఇచ్చిన ఉత్తర్వులో వేలిముద్ర, కన్ను, ఓటీపీ ఏదీ కుదరకపోతే ఇతర పద్ధతుల్లో మనిషిని గుర్తించి ఇవ్వమని, దాన్ని రిజిస్టర్‌లో రాయమని ఉంది. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఆధార్ తీర్పు చెప్పినప్పుడు కూడా అర్హులు దీనివల్ల నష్టపోకూడదన్నది. మీరు కొత్తగా దయ చూపమని అడగాల్సిన పనిలేదు, ఉన్నదాన్ని అమలు చేయమనండి. ఆ రిజిస్టర్ ఎక్కడుంది, గత ఏడాది అందులో ఎన్ని పేర్లు రాశారు అని అడగండి. ఈ ప్రశ్న మాలాంటి కింది ఉద్యోగులకు కూడా మేలు. రిజిస్టర్ తెరిచే ధైర్యం మాకు వస్తుంది. ఇప్పుడైతే, తెరిస్తే ఎందుకు తెరిచావని అడుగుతారేమోనని టెన్షన్.

తెల్లకర్ర, గుంటూరు

అందరికీ నమస్కారం. నాకు పుట్టుకతోనే చూపు లేదు. సంగీతం టీచర్‌ని. ఇది ఫోన్‌లో తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని, మైకులో చెప్పి, తప్పులు వింటూ దిద్దుకుని రాస్తున్నాను. గంటకు పైగా పట్టింది, కానీ ఈ ప్రశ్నకు రాయాలనిపించింది.

ఫోన్ అర్థమైతే చాలు అనుకునేవాళ్ళకు నా సంగతి చెప్తాను. నాకు ఫోన్ బాగా అర్థమవుతుంది. నా స్నేహితులకు నేనే నేర్పుతాను. అయినా ఒక ఖాతా తెరవడానికి ఇంట్లో కూర్చుని ఈకేవైసీ చేయబోతే, కెమెరా ముందు ముఖం గీత లోపల పెట్టి కళ్ళు ఆర్పమంది. గీత నాకు కనపడదు. కళ్ళు ఆర్పడం నా చేతిలో లేదు. పదకొండుసార్లు ప్రయత్నించాను. అటు చివర ఎవరూ లేరు, చెప్పుకోవడానికి మనిషే లేడు. డిజిటల్ అసిస్టెంట్ గారూ, మీరు కౌంటర్ ఇవతల ఉన్నారు చూడండి, ఆ మాత్రం ఉన్నా నా పని జరిగేది.

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఈ విషయం మీదే తీర్పు ఇచ్చింది. యాసిడ్ దాడికి గురైనవాళ్ళు, చూపు లేనివాళ్ళు వేసిన కేసులు అవి. కళ్ళు ఆర్పితేనే బతికున్నట్టు అన్న పద్ధతి సరికాదని, వేరే మార్గాలు ఉండాలని 20 ఆదేశాలు ఇచ్చింది. అంతకన్నా పెద్దమాట ఒకటి ఉంది. డిజిటల్ సేవలు అందుకునే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఆ రోజు ఆ తీర్పును నా ఫోన్ నాకు ఇంగ్లిష్‌లో చదివి వినిపిస్తుంటే మధ్యలో ఆపి, మా అమ్మను పిలిచి, తెలుగులో చెప్పాను.

హైదరాబాద్ తమ్ముడు చెప్పిన యాభైమందిలో మాలాంటి వాళ్ళు అయిదుగురైనా ఉండాలని రాయండి. మనిషో మిషనో తేల్చుకోవడానికి చూపించే క్యాప్చా బొమ్మ ఉన్నచోట వినిపించే క్యాప్చా కూడా ఉండాలని రాయండి. ఇంకోటి, దయచేసి "వృద్ధులకు మాత్రమే" అని రాయకండి. మా బాధ వయసుతో పోయేది కాదు. మీ మేనల్లుడికి కూడా ఈ మాట చెప్పండి.

ఎర్నాకుళం తెలుగు కుటుంబం

టీచర్ గారూ, మేం విజయనగరం వాళ్ళం. ఆయన ఉద్యోగం వల్ల తొమ్మిదేళ్ళుగా ఇక్కడ ఎర్నాకుళంలో ఉంటున్నాం. మీ అక్షర దీపం కంటే ముందు, 1990 ఫిబ్రవరిలో, దేశంలో మొదటి సంపూర్ణ అక్షరాస్యత జిల్లాగా ప్రకటించింది దీన్నే. ఇప్పుడు ఫోన్ విషయంలోనూ వీళ్ళు అదే దారి పట్టారు, అందుకే రాస్తున్నా.

తిరువనంతపురం జిల్లాలో పుల్లంపార అనే పంచాయతీ ముందుగా మొదలుపెట్టింది. ఊరంతా సర్వే చేసి, ఫోన్ రానివాళ్ళ ఇళ్ళకు, ఉపాధి పని దగ్గరకు వెళ్ళి నేర్పారు. 2022 సెప్టెంబరులో ఆ పంచాయతీ పూర్తయింది. తర్వాత రాష్ట్రమంతా చేశారు. 2025 ఆగస్టు 21న ముఖ్యమంత్రి పినరయి విజయన్ కేరళను సంపూర్ణ డిజిటల్ అక్షరాస్యత రాష్ట్రంగా ప్రకటించారు. దాదాపు 22 లక్షల మందికి నేర్పారు. పై వయసు అంటూ గీత గీయలేదు. తొంభై దాటినవాళ్ళు కూడా నేర్చుకున్నారు.

మా ఇంటి ఓనరమ్మ వాళ్ళ అత్తగారికి 76. కాలేజీ అమ్మాయి ఒకామె వచ్చి వరండాలో కూర్చుని నేర్పింది. నేను పక్కనుంచి చూశాను. మొదటి రోజంతా ఫోన్ తీయడం, పెట్టడం, వీడియో కాల్. గల్ఫ్‌లో ఉన్న కొడుకు ముఖం కనపడగానే ఆమెకు ఏడుపొచ్చింది. రెండో రోజు నుంచి ఆ అమ్మాయి కోసం ఆమే గేటు దగ్గర ఎదురుచూసేది. డబ్బు పంపడం మాత్రం ఆఖరున చెప్పారు, ముందు పదిరూపాయలు మనవరాలికి పంపించి. తర్వాత కొన్ని నెలలకు సగం మర్చిపోయిందని ఓనరమ్మ చెప్పింది. నేర్పినవాళ్ళు ఆరు నెలలకోసారైనా మళ్ళీ రావాలి, మీ అర్జీలో అది చేర్చండి.

మెట్టఊరి టీచర్

అందరికీ పేరుపేరునా దండాలు. నిన్న రాత్రి ఇవన్నీ ప్రింటు తీయించి, రామాలయం అరుగు మీదే పదకొండు మందిమి కూర్చుని చదువుకున్నాం. పెద్దమ్మ కూడా వచ్చింది. ఎర్నాకుళం వరండా సంగతి రెండోసారి చదివించుకుంది.

నేను మొదట క్లాసా, వేరే దారా అని అడిగా. అలా అడగడమే తప్పని ఇప్పుడు అనిపిస్తోంది. డిజిటల్ అసిస్టెంట్ అబ్బాయి నేర్చుకుంటేనే బియ్యం అంటే అన్యాయం అన్నాడు, ఆ మాట దగ్గర అందరం ఆగిపోయాం. అందుకని అర్జీలో మొదట వేరే దారి అడుగుతున్నాం. వేలు, కన్ను, ఓటీపీ ఏదీ కుదరనప్పుడు మనిషిని మనిషి గుర్తుపట్టి సరుకు ఇవ్వాలి, రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకోవాలి. 2017 ఉత్తర్వు తారీఖు రాశాం. మా మండలంలో ఆ రిజిస్టర్‌లో ఎన్ని పేర్లున్నాయో ప్రతి నెలా సచివాలయం గోడ మీద అంటించాలని అడిగాం. ఈ మాట రాసేటప్పుడు మా సంఘం లీడర్ ఒకటి కలిపింది: వేలు పడక వెనక్కి పోయినవాళ్ళ సంఖ్య కూడా పక్కన వేయాలని. ఎంతమంది వచ్చారు, ఎంతమందికి పని అయింది, ఎంతమంది ఉత్తచేతులతో పోయారు.

తర్వాత క్లాసు. సర్టిఫికెట్ వద్దని రాశాం, తమ్ముడు చెప్పినట్టు. మా శాఖా గ్రంథాలయం సాయంత్రం పూట ఖాళీగా ఉంటుంది. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు రూపాయికి 8 పైసలు కడుతూనే ఉన్నాం. అక్కడ వారానికి రెండు సాయంత్రాలు, వయసు గీత లేకుండా, ఎవరి ఫోన్ వాళ్ళ చేతిలో పెట్టుకుని నేర్చుకునేలా చేయమన్నాం. బటన్ ఫోన్ ఉన్నవాళ్ళు కూడా రావచ్చు. దాంతోనే డబ్బు పంపే యూపీఐ పద్ధతి 2022 నుంచి ఉంది, మా ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. మొదటి క్లాసులో ఏం చెప్పాలో మాత్రం మేమే రాసిచ్చాం. ఫోన్‌కు వచ్చే నంబర్లలో ఏది ఎవరికి చెప్పాలి, ఏది చెప్పకూడదు, పొరపాటున చెప్తే నిమిషాల్లో 1930. డబ్బు పోగొట్టుకున్న మా చెల్లెలే ఆ క్లాసు చెప్తానంది. ఊళ్ళో తలెత్తుకోలేకపోతున్నా, నాకు జరిగింది ఇంకొకరికి జరగకుండా నేనే చెప్తా అంది.

గుంటూరు చెల్లెమ్మా, "వృద్ధులకు" అన్న మాట కొట్టేసి "ఎవరికి కుదరకపోయినా" అని మార్చాం. యాభైమందిలో అయిదుగురు అన్నది, 21వ అధికరణం, ఏప్రిల్ 30 తీర్పు, అన్నీ చేర్చాం. యాప్‌ల సంగతి కలెక్టర్ గారి చేతిలో లేదని నాకు తెలుసు. పైకి పంపమని రాశాం. మీరు గంట కూర్చుని రాసిన రాత అది, ఎక్కడో ఒకచోట ఫైల్లో ఉండాలి.

అందరికీ ఫోన్లు ఇమ్మన్నది రాయలేదు. మా వారు కొంచెం అలిగారు.

ఇక సంతకాలు. పదకొండు మందిలో తొమ్మిదిమంది 1991 క్లాసువాళ్ళే. చాలామంది ఏళ్ళ తర్వాత పెన్ను పట్టుకున్నారు. ఒకామెకు ఒత్తు గుర్తు రాకపోతే పక్కామె చెప్పింది. పెద్దమ్మ కళ్ళజోడు తెచ్చుకోలేదని నా జోడు పెట్టుకుని, పేరు మొత్తం, ఇంటిపేరుతో సహా రాసింది. గీత మీద నుంచి కాస్త కిందికి జారింది గానీ అక్షరం తప్పు లేదు.

సోమవారం ఆరున్నర బస్సుకు బయల్దేరుతున్నాం. రసీదు నంబరు ఇస్తారట, రాగానే ఇక్కడ పెడతా. నెల రోజుల్లో జవాబు రాకపోతే తర్వాత ఏం చేయాలో కూడా తెలిసినవాళ్ళు చెప్పండి.